శ్రావణంలో సైటు కొనేముందు: ఎవరు ఎవరి మనిషి?

పోయిన నెల మా ఆఫీసులో పనిచేసే కదిరి కుర్రవాడు మూడు లక్షలు పోగొట్టుకున్నాడు. బెంగళూరులో హొసకోటె దాటాక ఒక లేఅవుట్‌లో ముప్పై నలభై అడుగుల సైటు. చూపించిన వ్యక్తిది మన భాషే, మన జిల్లానే. సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందన్నాడు. నిలబడినచోటే ఫోనులో టోకెన్, అంటే బయానా, వెళ్లిపోయింది. అదే సైటు మీద మరో ఇద్దరి దగ్గరా టోకెన్ తీసుకున్నాడని తరువాత తెలిసింది. స్థలం యజమానికి ఈ సంగతే తెలియదు. లాయరుకు చూపించలేదా అని అడిగితే, "అంతా ఆయనే చూసుకుంటానన్నారు" అన్నాడు.

ఆషాఢం అయిపోవస్తోంది. మారతహళ్లిలో, వైట్‌ఫీల్డ్‌లో ఉన్న మనవాళ్ల ఫోన్లకు లేఅవుట్ల బొమ్మలు వరుస కడతాయి. ఖాతా (పన్ను కోసం స్థానిక సంస్థలో ఉండే ఆస్తి నమోదు) చూడండి, రోడ్డు చూడండి అని అందరూ చెబుతారు కాబట్టి వాటిని వదిలేస్తున్నాను. ఈ ఊళ్లో పద్దెనిమిదేళ్లుగా నేను దగ్గరగా చూసిన ప్రతి నష్టంలోనూ ఆ ఒక్క మాటే ఉంది: అంతా ఆయనే చూసుకుంటారు. అందుకే ఎవరి పని ఏమిటో ముందు విడదీసుకోండి.

అమ్మకం జరిగితేనే బ్రోకరుకు కమీషన్. అది తప్పేమీ కాదు, ఆయన బతుకుతెరువు అది. కానీ స్థలం హక్కులు సరిగ్గా ఉన్నాయా అని ఆయన్ను అడగడం, పెళ్లిళ్ల పేరయ్యను పిల్లవాడి గుణం అడగడమే. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం, నమోదైన ప్రాజెక్టుల్లో అమ్మకాలు కుదిర్చే ఏజెంటు తానూ నమోదై ఉండాలి. నంబరు అడిగి కర్ణాటక రెరా వెబ్‌సైటులో సరిచూడండి. నంబరు ఉన్నంత మాత్రాన భూమి మంచిదని అర్థం కాదు.

ఛానెల్ పార్ట్‌నర్ అంటే బిల్డరు జేబులోంచి కమీషన్ తీసుకునే బ్రోకరు. బిల్డరు సేల్స్ ఉద్యోగికి జీతంతోపాటు టార్గెట్ ఉంటుంది. ఆయన నోటితో చెప్పిన ఈతకొలను అగ్రిమెంటులో లేకపోతే లేనట్టే. ఇక ఆ బిల్డరు కూడా చాలాచోట్ల భూమి యజమాని కాదు. జాయింట్ డెవలప్‌మెంట్, అంటే భూమి ఒకరిది, కట్టేది బిల్డరు, ఫ్లాట్లు ఇద్దరూ పంచుకునేది అయితే, మీ ఫ్లాటు బిల్డరు వాటాలోదా, భూమి యజమాని వాటాలోదా అడగండి. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా బిల్డరు ధరలో 10 శాతం మించి తీసుకోకూడదని రెరా చట్టమే చెబుతోంది.

అసలు మునిగేది లాయరు దగ్గర. బ్రోకరే లాయరును తెస్తాడు, ఫీజూ తక్కువే, రెండు రోజుల్లో అంతా బాగుందని కాగితం వస్తుంది. ఆ లాయరుకు వచ్చే నెల మరో పది ఫైళ్లు ఇచ్చేది మీరా, బ్రోకరా? బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు అప్పుకు భద్రత ఉందా అని. దస్తావేజు రాసే ఆయన, తనకు చెప్పింది రాస్తాడు. సబ్‌రిజిస్ట్రారు పత్రాన్ని రిజిస్టరు చేస్తారు, హక్కుకు హామీ ఇవ్వరు. ఇంతమందిలో మీ మనిషి ఒక్కరూ లేకపోవడమే "అంతా ఆయనే చూసుకుంటారు" అనే మాటకు అర్థం.

మనకు ఇంకో చిక్కుంది. కన్నడ లిపి మన లిపికి దగ్గర కాబట్టి చదివేశామనుకుంటాం. "శుద్ధ క్రయపత్ర" అంటే అమ్మకం పూర్తయిన దస్తావేజు. "క్రయద కరారు పత్ర" అంటే ఒప్పందం మాత్రమే. క్రయం అన్న మాట కనిపించగానే తల ఊపిన పెద్దమనుషులను చూశాను.

టోకెన్ యజమాని బ్యాంకు ఖాతాకే వేయండి. నగదు వద్దు.

లాయరును మీరే వెతుక్కోండి, ఫీజు మీరే కట్టండి.

ఈసీని (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి పోర్టల్‌లో మీరే తీయండి. 2004 ఏప్రిల్‌కు ముందువి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో విడిగా వెతికించాలి. బ్రోకరు చేతిలోని ఈసీ వద్దు.

జీపీఏ (యజమాని తన తరఫున మరొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్ముతున్నారా? అది ఇచ్చిన మనిషిని కళ్లతో చూడండి. ఉత్త జీపీఏతో యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

ఎస్సీ, ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన భూమా అని లాయరును అడగండి. కర్ణాటక 1978 చట్టం కింద, ప్రభుత్వ అనుమతి లేకుండా చేతులు మారిన అమ్మకం చెల్లదు.

కొలతలకు సర్వేయరును మీరే పిలవండి.

ధర 50 లక్షలు, ఆపైన అయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ఆదాయపు పన్ను) మినహాయించి కట్టాల్సింది కొనేవారే. ఆ డబ్బూ బ్రోకరు చేతికివ్వకండి.

బ్రోకరు కమీషన్ ఎంతో, అవతలివైపు నుంచి కూడా తీసుకుంటున్నాడో లేదో ముందే రాయించుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యాకే ఇవ్వండి.

మన ఊరివాడని ఏ కాగితాన్నీ వదలకండి.

సాయంత్రం ఇంకో పార్టీ వస్తోందంటే, రానివ్వండి.