కూరగాయల మడిలో పశువుల ఎరువు ఎలా వాడాలి? వీగన్లు దానికి అభ్యంతరం చెబుతారా?

వీగన్లు మాంసం, పాలు, గుడ్లు, తేనె తినరు. తోలు, ఉన్ని, పట్టు వాడరు. అయితే వారు తినే టమాటాలు, బెండకాయలు, ఆకుకూరలు చాలా చోట్ల పేడ ఎరువు వేసిన నేలలోనే పండుతాయి. అందువల్ల వీగన్ అయినవారు సొంతంగా మడి వేసుకున్నప్పుడూ, మన మడిలో పండిన కూరను వీగన్ మిత్రులకు పెట్టాలనుకున్నప్పుడూ ఒకే ప్రశ్న ఎదురవుతుంది: పశువుల ఎరువు వేయవచ్చా? ఆ ఎరువు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోకుండా దీనికి జవాబు చెప్పలేము. కాబట్టి పని కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఎరువు ఎక్కడిదో ముందు తెలుసుకోండి

1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు కలిసి వీగన్ సొసైటీని స్థాపించారు. తిండికైనా, బట్టకైనా, మరే అవసరానికైనా జంతువులను వాడుకోవడాన్ని, హింసించడాన్ని సాధ్యమైనంత మేరకు, ఆచరణలో వీలైనంత మేరకు మానుకోవాలన్నది ఆ సంస్థ నిర్వచనానికి సారం. ఎరువు విషయంలో వీగన్ల అభిప్రాయాలు చీలేది ఆ 'వీలైనంత మేరకు' అన్న మాట దగ్గరే. పేడ జంతువు విడిచేసినదే గనుక దాన్ని ఎత్తుకుపోతే ఆ జంతువుకు ఏ బాధా కలగదని, గుట్టలుగా వదిలేస్తే వానకు కొట్టుకుపోయి చెరువులను పాడుచేసేది నేలకు చేరడం మేలేనని కొందరు అంటారు. ఆ పేడను డబ్బిచ్చి కొంటే డెయిరీకో కోళ్ల ఫారానికో మరో రాబడి చూపినట్టే అవుతుందని, పాలు మానేసి ఎరువు కొనడంలో పొంతన లేదని మరికొందరు అంటారు.

నాకు రెండో వాదనలోనే ఎక్కువ బలం కనిపిస్తుంది, కానీ అది అన్ని ఎరువులకూ ఒకేలా వర్తించదు. వట్టిపోయిన ఆవులను చివరిదాకా సాకే ఆశ్రయం నుంచి తెచ్చిన పేడకూ, గుడ్లు తగ్గగానే కోళ్లను కోతకు పంపే ఫారం నుంచి తెచ్చిన ఎరువుకూ చాలా తేడా ఉంది. ఇక ఎముకల పొడి, రక్తపు పొడి, చేపల వ్యర్థాలతో చేసిన ద్రావణం చంపిన ప్రాణుల నుంచే వస్తాయి గనుక, వాటిని కావాలని వాడటాన్ని సమర్థించడానికి పేడ విషయంలో చెప్పే వాదన పనికిరాదు. సంచుల్లో అమ్మే సేంద్రియ ఎరువుల్లో ఇవి కలిసి ఉండవచ్చు. సేంద్రియం అన్నంత మాత్రాన అది వీగన్ ఎరువు కాదు. సంచి మీది వివరాలు చదివి, అక్కడ లేకపోతే అమ్మేవారిని అడిగి తెలుసుకున్నాకే కొనండి.

ఏది తేవచ్చు, ఏది తేకూడదు

ఆవు, గేదె, గుర్రం, గొర్రె, మేక, కుందేలు వంటి మేత మేసే జంతువుల ఎరువు కూరగాయలకు పనికివస్తుంది. కోళ్ల ఎరువులో నత్రజని పేడలో కంటే చాలా ఎక్కువ కాబట్టి, దాన్ని పచ్చిగా వేస్తే మొక్కల వేళ్లు మాడిపోతాయి. కుక్క, పిల్లి, పంది మలాన్ని మాత్రం కూరగాయల మడి దరిదాపులకు రానివ్వవద్దు. వాటిలో మనుషులకు సోకే పరాన్నజీవులు ఉండవచ్చు, ఇంటి పెరట్లో వేసుకునే చిన్న కుప్ప వేడికి అవన్నీ చస్తాయన్న భరోసా లేదు.

తప్పకుండా మాగబెట్టండి

పచ్చి పేడలో ఈ.కోలై, సాల్మొనెల్లా, లిస్టీరియా వంటి సూక్ష్మజీవులు ఉండవచ్చు. ఈ.కోలైలో ఓ157 అనే రకం పశువుకు ఏ జబ్బూ కలిగించకుండానే దాని పేడలో ఉండగలదు, అదే మనిషికి సోకితే రక్త విరేచనాలు పట్టుకుంటాయి, చిన్నపిల్లల్లో కొందరికి మూత్రపిండాలు దెబ్బతింటాయి. పేడను మాగబెట్టడం మొక్కల కోసం ఎంత అవసరమో తినేవారి కోసం అంతకన్నా ఎక్కువ అవసరం.

కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి కనీసం 1 మీటరు ఉండాలి, అంతకంటే చిన్నదైతే వేడి నిలవదు. గంప పేడకు గంపకు తగ్గకుండా ఎండుటాకులు, గడ్డి లేదా రంపపు పొట్టు పొరలుగా వేయండి. కర్బనం, నత్రజని నిష్పత్తి 25:1 నుంచి 40:1 మధ్య ఉండాలంటారు గానీ, ఇంటి దగ్గర దాన్ని కొలవలేము కాబట్టి ముక్కును నమ్ముకోవడమే మంచిది. ఘాటైన అమ్మోనియా వాసన వస్తే ఎండుటాకులు చాలలేదని, కుప్ప అసలు వేడెక్కకపోతే తడి గానీ పేడ గానీ చాలలేదని అర్థం. తడి సంగతి తెలుసుకోవడానికి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. చెయ్యి తడవాలి, ఒకటి రెండు చుక్కల కంటే ఎక్కువ కారకూడదు.

అంతా సరిగా కుదిరితే నాలుగైదు రోజులకు పారతో నడుమ చీల్చినప్పుడు ఆవిరి ముఖానికి తగులుతుంది, పేడ ఉండల మీద బూడిద చల్లినట్టు తెల్లని పొర కనిపిస్తుంది. అది బూజు పట్టి పాడవడం కాదు, వేడిలో పనిచేసే సూక్ష్మజీవుల పెరుగుదల. అమెరికా సేంద్రియ సాగు నిబంధనల ప్రకారం ఇలాంటి బారు కుప్పలో వేడి 55 నుంచి 77 డిగ్రీల సెల్సియస్ మధ్య 15 రోజులు నిలవాలి, ఆ 15 రోజుల్లో కనీసం 5 సార్లు కుప్పను తిరగవేయాలి. పొడవాటి కాడ ఉన్న థర్మామీటరు కొనుక్కుంటే ఈ విషయంలో ఊహాగానాలు అక్కర్లేదు. తిరగవేసేటప్పుడు అంచుల్లో ఉన్నది నడుముకు వెళ్లాలి, లేకపోతే పైపొరలోని క్రిములు అలాగే మిగిలిపోతాయి. వేడి తగ్గాక మరో రెండు మూడు నెలలు కప్పి ఉంచండి. బాగా మాగిన ఎరువు నల్లగా, పొడిపొడిగా ఉంటుంది. వానకు తడిసిన మట్టి వాసనే తప్ప పేడ వాసన రాదు.

చిక్కుడు గింజలతో పరీక్షించండి

బయటి నుంచి ఎరువు తెచ్చేవారు ఈ మెట్టును దాటవేయవద్దు. పచ్చిక బీళ్లలో వాడే అమైనోపైరలిడ్, క్లోపైరలిడ్ వంటి కలుపుమందులు ఆ గడ్డి తిన్న పశువు కడుపులో విచ్ఛిన్నం కాకుండా పేడలోకి వస్తాయి, కుప్పలో మాగినా చాలాకాలం నిలిచి ఉంటాయి. నేను ఒకసారి అడగకుండా, పరీక్షించకుండా గుర్రపు ఎరువు తెచ్చి మడికి వేశాను. రెండు వారాలు తిరక్కుండానే టమాటా మొక్కల లేత ఆకులు సన్నగా సాగి లోపలికి చుట్టుకున్నాయి, చిక్కుడు ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. తెగులేమో అనుకుని వారం రోజులు ఆకులు తుంచుతూ కూర్చున్నాను. వంగ, బంగాళాదుంప, బఠాణీ కూడా ఈ మందులకు ఇలాగే దెబ్బతింటాయి.

మూడు కుండీల్లో ఎరువు కలిపిన మట్టి, మరో మూడింట్లో ఎరువు కలపని మట్టి పోసి, అన్నింట్లోనూ నాలుగేసి చిక్కుడు గింజలు నాటండి. మూడు వారాల తర్వాత రెండు వరుసల ఆకులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎరువు వేసిన కుండీల్లో మాత్రమే ఆకులు ముడుచుకుంటే ఆ ఎరువును కూరగాయలకు వేయవద్దు.

మడికి ఎంత, ఎప్పుడు వేయాలి?

మాగిన పేడ ఎరువు చదరపు మీటరుకు 2 నుంచి 3 కిలోలు సరిపోతుంది. నాటడానికి రెండు వారాల ముందు చల్లి, పై 15 సెంటీమీటర్ల మట్టిలో కలపండి. కోళ్ల ఎరువైతే అందులో మూడో వంతు చాలు. ఇందులోని నత్రజని అంతా మొదటి ఏడాదే మొక్కకు అందదు కాబట్టి, పంట వెంటనే ఏపుగా రాలేదని మళ్లీ మళ్లీ వేయకండి. ఏటా ఎక్కువగా వేస్తే భాస్వరం నేలలో పేరుకుపోతుంది. పచ్చి ఎరువు వేసిన మడిలో క్యారెట్ దుంపలు చీలికలుగా పెరుగుతాయి.

మాగని ఎరువు వేయక తప్పకపోతే ఇదే అమెరికా నిబంధనల్లోని గడువును పాటించండి: తినే భాగం మట్టికి తగిలే ముల్లంగి, పాలకూర వంటివాటికి కోతకు కనీసం 120 రోజుల ముందు, తగలనివాటికి 90 రోజుల ముందు వేసి మట్టిలో కలపాలి. నెలా నెలన్నరలో కోతకొచ్చే ఆకుకూరలకు ఈ గడువు ఎలాగూ కుదరదు, కాబట్టి వాటికి పచ్చి పేడ వాడకపోవడమే సరైన పని. పేడ నీళ్లను ఆకుల మీద చల్లవద్దు.

పశువుల ఎరువు అసలే వద్దనుకుంటే

బ్రిటన్‌లో వీగన్ ఆర్గానిక్ నెట్‌వర్క్ అనే సంస్థ పశువుల ఎరువు లేని సేంద్రియ సాగును ప్రచారం చేస్తోంది. అక్కడి ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో టోల్‌హర్స్ట్ ఆర్గానిక్ అనే కూరగాయల క్షేత్రం అదే పద్ధతిలో అమ్మకానికే పంటలు పండిస్తోంది. వారికి ఆధారం పచ్చిరొట్ట, అంటే పెంచి మట్టిలోనే కలిపేసే పైరు. జనుము, జీలుగ, అలసంద, పిల్లిపెసర వంటి పప్పుజాతి పైర్ల వేరు బుడిపెల్లోని రైజోబియం బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది. పైరు పూతకు రాగానే, కాడలు ముదరకముందే కోసి మట్టిలో కలియదున్ని, రెండు మూడు వారాలు చివకనిచ్చి కూరగాయలు నాటండి. మిగిలిన పోషకాలను వంటింటి వ్యర్థాల కంపోస్టు, చివికిన ఆకుల ఎరువు, కొద్దిపాటి కట్టె బూడిద సమకూరుస్తాయి. బూడిద క్షార గుణం కలది కాబట్టి చౌడు నేలకు వేయవద్దు. వానపాములను పెట్టెల్లో పెంచి చేసే వర్మికంపోస్టును కూడా ఒప్పుకోని వీగన్లు ఉన్నారు. వారు మామూలు కంపోస్టే చేసుకోవచ్చు.

పేడ వేస్తూ వచ్చిన మడిని ఈ పద్ధతికి మార్చడానికి పాత మట్టిని తీసివేయనక్కర్లేదు. వేయడం ఆపి, ఏడాదికి ఒక పంట స్థానంలో పచ్చిరొట్ట పెంచితే చాలు. ఏ మడికి ఏ నెలలో ఏమి వేశారో, అది ఎక్కడి నుంచి తెచ్చారో ఒక పుస్తకంలో రాసి ఉంచుకోండి. వీగన్ మిత్రులకు కూరగాయలు ఇచ్చేటప్పుడు వారు అడగకముందే ఆ సంగతి చెప్పండి. తీసుకోవాలో వద్దో వారు తేల్చుకుంటారు.