కీబోర్డుకు కోరస్ ఎంత వేయాలి?

కీబోర్డు నేర్చుకోవడానికి మా ఇంటికొచ్చే పిల్లలు తరచూ అనే మాట: "మాస్టారూ, ఎఫెక్టులన్నీ పెట్టాను, అయినా రికార్డులో విన్నట్టు రావట్లేదు." నేను ముందు కోరస్, ఫేజర్, రివర్బ్ అన్నీ సున్నాకి తెస్తాను. ఎలక్ట్రిక్ పియానో టోన్ తీసి, ఒక్క సి మేజర్ కార్డు నొక్కి, పెడల్ తొక్కి పట్టుకోమంటాను. రివర్బ్ గది ప్రతిధ్వని లాంటిది, దాని సంగతి వేరు. కోరస్, ఫేజర్ లాంటివన్నీ శబ్దాన్ని అటూ ఇటూ ఊపేవే. స్వరం నిలబడి ఉంటేనే ఆ ఊపు చెవికి అందుతుంది. గబగబా వాయిస్తూ సెట్ చేస్తే ఎక్కువ వేసేస్తాం.

ముందు కోరస్. గుళ్లో భజన విన్నారుగా. పదిమంది ఒకే పాట అందుకుంటారు, కానీ ఏ రెండు గొంతులూ సరిగ్గా ఒకే క్షణంలో, ఒకే శ్రుతిలో పడవు. ఆ నిండుతనం అందుకే. కోరస్ కూడా మీ స్వరానికి ఒక నకలు తీసి, సుమారు 15 నుంచి 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా కలుపుతుంది. ఆ ఆలస్యాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉండటం వల్ల నకలు శ్రుతి కొద్దిగా జారుతూ ఉంటుంది. 1982 నాటి రోలాండ్ జూనో-60 సింథసైజర్‌లో నోటుకి ఒక్క ఆసిలేటరే (స్వరాన్ని పుట్టించే భాగం). అయినా అంత వెడల్పుగా మోగుతుందంటే దాని కోరస్ బటన్ల చలవే.

రేట్ (ఊపు వేగం) 0.5 హెర్ట్జ్ పెట్టండి, అంటే రెండు సెకన్లకు ఒక ఊపు. డెప్త్ (ఊపు ఎంత పెద్దదో) మెల్లగా పెంచుతూ వెళ్లండి. శ్రుతి తప్పిందనిపించగానే ఆగి, అక్కడి నుంచి మూడోవంతు వెనక్కి తిప్పండి. తర్వాత రేట్ పెంచితే డెప్త్ తగ్గించాల్సిందే. ఎందుకంటే ఊపు ఎంత వేగమైతే శ్రుతి అంత ఎక్కువగా కదులుతుంది.

గ్రాండ్ పియానో టోన్‌కి మాత్రం కోరస్ జోలికి పోవద్దు. అసలు పియానోలో మధ్య, పై స్వరాలకు నోటుకి మూడేసి తీగలు ఉంటాయి. వాటి మధ్య వెంట్రుకవాసి తేడా ఎలాగూ ఉంటుంది. దాని మీద ఇంకో పొర వేస్తే సుత్తి దెబ్బలోని స్పష్టత పోతుంది.

ఫేజర్ అంటే శబ్దపు రంగు అలలా మారుతూ ఉండే ఎఫెక్టు. ఎలక్ట్రిక్ పియానోకి బాగా నప్పుతుంది, నెమ్మదిగా తిరగనిస్తే చాలు. ఫ్లాంజర్, అంటే కోరస్ కన్నా తక్కువ ఆలస్యంతో నకలు కలిపేది, నేను పెద్దగా వాడను. దాని ఫీడ్‌బ్యాక్ (బయటికొచ్చిన శబ్దాన్ని మళ్లీ లోపలికి పంపడం) పెంచితే విమానం పోతున్న మోత వస్తుంది.

ట్రెమొలో అంటే వాల్యూమ్ ఊపడం. రోడ్స్ ఎలక్ట్రిక్ పియానో సూట్‌కేస్ మోడల్ మీద వైబ్రాటో అని రాసి ఉంటుంది గానీ, అది శ్రుతిని కదపదు, శబ్దాన్ని ఎడమ కుడి స్పీకర్ల మధ్య తిప్పుతుంది. దీని రేట్ పాట లయతో కలవాలి. టెంపోని (నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెని) 60తో భాగించండి: 96 టెంపో పాటకు 1.6 హెర్ట్జ్, బీటుకి ఒక ఊపు. ఒక పెళ్లి ఆర్కెస్ట్రాలో ఎడమ, కుడి రెండు కేబుళ్లూ పెట్టి ఈ టోన్ వాయించాను. మిక్సర్‌లో ఒక ఛానెలే తెరిచి ఉంది. హాల్లో నా పియానో బీటుకోసారి మాయమవుతోంది. స్టేజి మీద మానిటర్‌లో అంతా బాగానే ఉండటంతో పాట అయిపోయేదాకా నాకు తెలియలేదు. అప్పటినుంచి ఏ టోన్ తయారుచేసినా ఎడమవైపు మోనో జాక్‌కి ఒక్క కేబులే పెట్టి ఇంకోసారి వింటాను. స్టీరియో కోరస్ మోనోలో పలచబడితే మిక్స్ (కలిపే నకలు పాలు) తగ్గిస్తాను.

నాకు అన్నింటికన్నా ఇష్టం ఆర్గాన్‌కి వాడే రోటరీ. ఇది లెస్లీ అనే తిరిగే స్పీకర్ శబ్దాన్ని అనుకరిస్తుంది. లెస్లీ స్పీకర్‌లో పైన హార్న్ (పై స్వరాల బాకా), కింద డ్రమ్ (బేస్ స్వరాలను తిప్పే పీపా) నిజంగానే గిరగిరా తిరుగుతాయి. నిదానంగా నిమిషానికి సుమారు 40 చుట్లు, వేగంగా సుమారు 400. తేలికైన హార్న్ చప్పున అందుకుంటుంది, బరువైన డ్రమ్ వెనక వస్తుంది. ప్రాణమంతా ఆ మారే రెండు మూడు సెకన్లలోనే ఉంది. అందుకే మొదటినుంచీ ఫాస్ట్‌లో పెట్టేయకండి. చరణమంతా స్లోలో వాయించి, ఆఖరి పాదం చివర కార్డు పట్టుకుని స్విచ్ వేయండి. పల్లవి ఎత్తుకునే సరికి హార్న్ పూర్తి వేగంలో ఉంటుంది.