డీజిల్ లీటర్లను కేజీల్లోకి మారిస్తే లెక్క తప్పుతోందా? సమస్య - పరిష్కారం

గాజువాక ఆటోనగర్ చుట్టుపక్కల డీజిల్ జనరేటర్లు చూసుకునే పని నాది. ఎండలు ముదిరాయంటే ఫోన్లు మొదలు: "గురువుగారూ, బండి ఆయిల్ తాగేస్తోంది." ఆయిల్ అంటే డీజిలే, బండి అంటే జనరేటరు. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పేసి మరీ ఫోన్ చేసేవాళ్లున్నారు. నేను ముందుగా అడిగేది ఒకటే: కేజీల్లోకి మార్చడానికి ఏ డెన్సిటీ వేశారు, అది ఎన్ని డిగ్రీల దగ్గరది?

సూత్రం చిన్నదే. గంటకు ఎన్ని లీటర్లో, దాన్ని లీటరుకు ఎన్ని కేజీలో దానితో, అంటే డెన్సిటీతో, గుణిస్తే గంటకు కేజీలు వస్తాయి. మీటరు ఇచ్చే మొదటి అంకెను అందరూ అనుమానిస్తారు. రెండో అంకె జోలికి ఎవరూ పోరు.

లక్షణం: ఎండాకాలం యూనిట్‌కు (ఒక యూనిట్ కరెంటుకు) కాలే డీజిల్ గ్రాములు పెరుగుతాయి, చలికాలం వాటంతట అవే తగ్గుతాయి

ఒక ఫ్యాక్టరీలో ఇలాగే పిలిచారు. జనరేటరు మీద లోడు 300 కిలోవాట్లు, మీటరులో గంటకు 78 లీటర్లు. లాగ్ బుక్‌లో యూనిట్‌కు 218 గ్రాములని ఉంది. మేనేజరుగారికి టెన్షన్, ఆపరేటరుకి తిట్లు.

డెన్సిటీ ఎక్కడిదని అడిగితే ట్యాంకర్‌తో వచ్చిన చలానా చూపించారు: ఘనపు మీటరుకు 840 కేజీలు. అంటే లీటరుకు 0.840 కేజీ. అంకె తప్పు కాదు. కాకపోతే అది 15 డిగ్రీల దగ్గరి డెన్సిటీ. పెట్రోల్ బంకులో ఉదయాన్నే హైడ్రోమీటరు (డెన్సిటీ చూపే తేలే గాజు గొట్టం) ముంచి చూసేదాన్ని కూడా 15 డిగ్రీలకు మార్చాకే చలానాతో పోలుస్తారు; 3 కన్నా ఎక్కువ తేడా ఉంటే అనుమానించాలి. విశాఖలో డీజిల్ 15 డిగ్రీలకు దిగే రోజు నాకైతే తగల్లేదు.

మీటరు పక్కనే పైపుకి థర్మామీటరు ఆనించి, పైన గుడ్డ చుట్టి, ఐదు నిమిషాలు ఆగి చూశాం. 45 డిగ్రీలు. డే ట్యాంకు (ఇంజన్‌కి రోజువారీ ఆయిల్ అందించే చిన్న ట్యాంకు) రేకుల షెడ్డు కింద, పడమటి గోడకి ఆనుకుని ఉంది మరి. ఒక జాడీలో ఆయిల్ పట్టి హైడ్రోమీటరు వదిలితే ఊగి ఊగి 0.819 దగ్గర నిలబడింది.

78ని 0.819తో గుణిస్తే 63.9 కేజీలు, యూనిట్‌కు 213 గ్రాములు. బండికి ఏ రోగమూ లేదు. రోజంతా నడిస్తే లేని 40 కేజీల ఆయిల్‌ను పుస్తకంలో రాస్తున్నారంతే.

చేయాల్సింది: మీటరు దగ్గరే ఉష్ణోగ్రత తీసుకోండి. ట్యాంకు దగ్గరా కాదు, గదిలోనూ కాదు. డీజిల్‌కైతే ఒక్కో డిగ్రీ పెరిగితే డెన్సిటీ ఘనపు మీటరుకు సుమారు 0.7 కేజీ తగ్గుతుంది. 15 నుంచి 45కి 30 డిగ్రీలు, అంటే 21 తీసేయాలి. 840 కాస్తా 819 అవుతుంది. నోటి లెక్కకి ఇది చాలు. బిల్లుల వ్యవహారమైతే డిగ్రీలను బట్టి డెన్సిటీ మార్చే పెట్రోలియం టేబుళ్లు చూడండి. లాగ్ బుక్‌లో 'మీటరు దగ్గర డిగ్రీలు' అని ఒక గడి గీయండి.

పోర్టు వైపు ఓడల్లో వాడే బరువైన ఫర్నెస్ ఆయిల్‌తో ఇదే తప్పు ఇంకా ఖరీదైనది. 15 డిగ్రీల దగ్గర 991 ఉన్న ఆయిల్‌ను 120 డిగ్రీలకు వేడి చేసి ఇంజన్‌కి పంపితే 919 చుట్టూ ఉంటుంది. కాగితం మీది డెన్సిటీతో రోజుకు 24 టన్నులని రాస్తే, అందులో దాదాపు 1.75 టన్నులు ఉత్తుత్తివే.

లక్షణం: మీటర్ల లెక్కలో ఖర్చు తక్కువ, ట్యాంకు డిప్ కొడితే (కొలకర్ర ముంచి చూస్తే) ఎక్కువ

ఇంజన్‌కి వెళ్లే లైనుకి ఒక మీటరు, కాలకుండా మిగిలిన ఆయిల్ తిరిగొచ్చే రిటర్న్ లైనుకి ఇంకొకటి ఉన్నచోట ఇది వస్తుంది. లీటర్ల నుంచి లీటర్లు తీసేసి, మిగిలినదాన్ని కేజీలు చేస్తారు. అక్కడే బోల్తా పడతారు.

వెళ్లేది 40 డిగ్రీల దగ్గర 250 లీటర్లు, వచ్చేది 60 డిగ్రీల దగ్గర 172 లీటర్లు అనుకోండి. తేడా 78 కదా అని 40 డిగ్రీల డెన్సిటీ 0.822తో గుణిస్తే 64.1 కేజీలు. కానీ వేడెక్కి వచ్చిన ఆయిల్ ఉబ్బి ఉంది, లీటరుకు 0.808 కేజీయే. వెళ్లింది 205.5 కేజీలు, వచ్చింది 139 కేజీలు. ఇంజన్ కాల్చింది 66.5. నాలుగు శాతం తేడా! ముందు రెండింటినీ విడివిడిగా కేజీలు చేసి, ఆ తర్వాత తీసివేయండి.

ఇంకోటి. పెద్ద అంకెలోంచి పెద్ద అంకె తీస్తున్నాం కాబట్టి ఒక్కో మీటరులో అర శాతం తప్పున్నా, అవి ఎదురెదురు దిక్కుల్లో ఉంటే, మిగిలే 78లో అది రెండు లీటర్లు దాటుతుంది. అందుకే వీలైతే రిటర్న్‌ను చల్లార్చి డే ట్యాంకుకి కాకుండా మీటరు తర్వాత లైనులోకే కలిపేసి, ఒక్క మీటరుతో నడపడం నాకు ఇష్టం.

లక్షణం: సరిదిద్దాక కూడా వేసవిలోనే రెండు మూడు శాతం తక్కువ చూపిస్తోంది

రెండుసార్లు సరిదిద్దారు. కొన్ని మీటర్లు తమంతట తామే 15 డిగ్రీల లీటర్లుగా మార్చి చూపిస్తాయి. వాటికి చలానా డెన్సిటీయే వేయాలి. మీటరు సెట్టింగుల్లో చూస్తే తెలిసిపోతుంది. బరువునే కొలిచే కోరియోలిస్ రకం మీటరైతే కేజీలే నేరుగా ఇస్తుంది, దానికి గుణకారమే అక్కర్లేదు.

లక్షణం: తేడా 20 శాతం దాకా ఉంది

ఇంత తేడా వేడి వల్ల రాదు. లీటరంటే కేజీ అనుకుని నీళ్ల లెక్క వేశారేమో చూడండి. పాత ఇంజన్ మాన్యువల్‌లో గ్యాలన్లుంటే అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలను 4.546.

గ్యాస్ ఇంజన్లకైతే పీడనం కూడా కావాలి. గేజీ బయటి గాలి పీడనాన్ని కలపదు కాబట్టి గేజీలో 3 బార్ అంటే అసలు పీడనం సుమారు 4 బార్. 3 వేసి లెక్కిస్తే నాలుగో వంతు గ్యాస్ మాయం. 0 డిగ్రీల ఘనపు మీటరుకీ, 15 డిగ్రీల ఘనపు మీటరుకీ అయిదున్నర శాతం తేడా ఉంటుందని మర్చిపోకండి.

లక్షణం: ముల్లు ఊగుతుంది, డిప్ కన్నా మీటరు ఎక్కువ చూపిస్తుంది

గాలి. మీటరుకి గాలయినా ఆయిలయినా ఒకటే, లెక్కపెట్టేస్తుంది. సక్షన్ వైపు (పంపు ఆయిల్ పీల్చుకునే వైపు) జాయింట్లు, ఫిల్టరు మూత వాషరు చూడండి.

ఇవన్నీ అయ్యాక కూడా తేడా పోకపోతే అప్పుడు మీటరును అనుమానించండి. విప్పకముందు ఖాళీ డ్రమ్మును కాటా మీద పెట్టి, మీటరు దాటిన ఆయిల్‌ను పది నిమిషాలు అందులోకి పట్టండి. ఆ బరువును మీటరు లెక్కతో పోల్చండి. ఖాళీ డ్రమ్ము బరువు ముందే రాసుకోండి. ఒకచోట అది మర్చిపోయి, పట్టిన ఆయిలంతా మళ్లీ ట్యాంకులో పోసి మొదటినుంచీ చేశాం.