తొలకరి రాత్రుల్లో అరచేతికంటే పెద్ద రెక్కల పురుగు కనిపిస్తే ఏం చేయాలి?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో, ప్రాణహిత, గోదావరి ఒడ్డు ఊళ్లలో, తొలకరి పడ్డాక వరండా దీపం పక్కన గోడకు అరచేతికంటే పెద్ద రెక్కల పురుగు అతుక్కుని కనిపిస్తే ముందుగా చేయవలసింది ఏమిటంటే, దాన్ని ముట్టుకోకుండా రెండు నిమిషాలు చూడటం. రెక్కలు సన్నగా వణుకుతుంటే జబ్బు చేసిందనుకోకండి. ఎగరడానికి ముందు కండరాలను వేడి చేసుకుంటోంది. రెక్కలు ముడతలు పడి వేలాడుతుంటే అది అప్పుడే పట్టుకాయలోంచి, అంటే తన గూట్లోంచి, వచ్చింది కనుక, అవి విప్పారి గట్టిపడేదాకా కదిలించకూడదు.

తరువాత గుర్తులు చూడండి. నాలుగు రెక్కల మీదా కన్నులాంటి గుండ్రని మచ్చ, దాని మధ్యలో పొలుసులు లేని చిన్న అద్దం ఉంటే, మద్ది చెట్ల ఆకులు తిని పెరిగే దసలి పట్టుపురుగును ముందుగా అనుమానించాలి. ఆ అద్దంలోంచి వెనకనున్న గోడ రంగు కూడా కనిపిస్తుంది. మీసాలు దువ్వెన పళ్లలా వెడల్పుగా ఉంటే మగది, సన్నగా ఉంటే ఆడది. అద్దాలు త్రికోణాకారంలో ఉండి, ముందు రెక్కల కొసలు పాము తలను పోలి ఉంటే అది అట్లాస్ మాత్ కావచ్చు (మాత్ అంటే ఇలాంటి రెక్కల పురుగే). దాని రెక్కల విస్తారం దాదాపు 25 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. లేత ఆకుపచ్చ రెక్కలకు పొడవాటి తోకలుంటే మూన్ మాత్. వీపున పుర్రెలాంటి గుర్తున్నది కీచుమంటే అపశకునమేమీ కాదు, తొండంలోంచి గాలి తోయడం వల్ల వచ్చే చప్పుడది.

ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ ఆపి, టార్చిని పక్కనుంచి పట్టుకుని, ఫోన్ రెక్కలకు సమాంతరంగా ఉండేలా ఒకటి, మీసాలు స్పష్టంగా కనిపించేలా దగ్గరనుంచి మరొకటి తీయండి. కొలత కోసం కొత్త పది రూపాయల నోటును పక్కన, రెక్కకు తగలకుండా గోడకు ఆనించి పట్టుకోండి. దాని పొడవు 123 మిల్లీమీటర్లు కాబట్టి లెక్క తరువాతైనా కట్టవచ్చు. తేదీ, సమయం, ఊరు, దగ్గరలోని చెట్లు అప్పుడే రాసుకుంటే జీవుల ఫొటోలు పెట్టి గుర్తింపు అడిగే ఐనాచురలిస్ట్ అనే వెబ్‌సైట్‌లో పెట్టినప్పుడు తెలిసినవారు గుర్తుపట్టడం తేలికవుతుంది.

ఆకలిగా ఉందేమోనని పంచదార నీళ్లు పెట్టేవారున్నారు. దసలి, అట్లాస్, మూన్ మాత్‌లకు తినడానికి పనికొచ్చే నోరే ఉండదు; గొంగళిపురుగుగా ఉన్నప్పుడు కూడబెట్టుకున్న కొవ్వుతోనే కొద్దిరోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి చనిపోతాయి. అంత తక్కువ ఆయుష్షులో ఒక రాత్రి దీపం దగ్గర పోవడం పెద్ద నష్టమే కనుక, మనం చేయగల అసలైన సాయం దీపం ఆర్పడం. తెల్లవారినా కదలకపోతే కాకుల పాలవుతుంది. ముందుకాళ్ల దగ్గర పుల్ల పెట్టి, అదే ఎక్కాక, నీడగా ఉన్న పొదలో వదలండి. రెక్కలు పట్టుకుంటే పొలుసులు రాలిపోతాయి. చేతికి అంటుకునే ఆ పొడి విషం కాదు గానీ, కళ్లు నలుపుకోకుండా చేతులు కడుక్కోండి.

నూగున్న గొంగళిపురుగులను, నీళ్లలో బతికి దీపాలకు వచ్చే చదునైన పెద్ద నల్లిజాతి పురుగును మాత్రం పుల్లతోనే జరపాలి. రెండోదాని కాటు బాగా నొప్పి పెడుతుంది. అభయారణ్యాలలోంచి అనుమతి లేకుండా ఏ పురుగునూ పట్టుకుపోకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. అడవి బయటైనా సరే, మద్ది కొమ్మకు గట్టి కాడతో వేలాడే దసలి కాయను కోయకండి. అది ఎవరో పెంచుకుంటున్న పంట కావచ్చు.