ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నడకలో ఎదురయ్యే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

నేపాల్‌లోని ఖుంబు ప్రాంతంలో లుక్లా నుంచి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దాకా ఉన్నది తాడూ మంచుగొడ్డలీ అవసరం లేని కాలిబాట. ఈ దారిలో మనిషిని వెనక్కు పంపేది కాళ్ల నొప్పులకంటే ఎక్కువగా ఎత్తే. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లూ ఆగకుండా ఎక్కగలిగినవారికి కూడా ఈ విషయంలో మినహాయింపు లేదు; పైగా దమ్మున్నవారు తొందరగా పైకి చేరి, ముందుగా జబ్బు పడే అవకాశమే ఎక్కువ. అందువల్ల 3,000 మీటర్లు దాటాక ఒంట్లో ఏ నలత కనిపించినా అది ఎత్తు వల్ల వచ్చిందనే మొదట అనుకోవాలి. గ్యాస్ అనో, పడిశం అనో, ఎండ దెబ్బ అనో సర్దిచెప్పుకోవడం ఆ తరువాతి మాట.

తలనొప్పి, వికారం, అన్నం సహించకపోవడం

సాధారణంగా ఇవి దారిలోని ఊరైన నామ్చే బజార్‌లో మొదటి రాత్రి మొదలవుతాయి. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే; తగ్గేది గాలి ఒత్తిడి. నామ్చేలో అది సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులు, బేస్ క్యాంప్ దగ్గర దాదాపు సగం. ఈ లోటుకు శరీరం అలవాటు పడడానికి రోజులు పడుతుంది కనుకనే, 3,000 మీటర్ల పైన నిద్రించే ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి అదే చోట మరో రాత్రి ఉండాలనీ వైద్యులు చెబుతారు. ఈ దారి లెక్క చూడండి: 2,860 మీటర్ల లుక్లాలో విమానం దిగి, ఆ రాత్రికి 2,610 మీటర్ల ఫాక్‌డింగ్‌కు వెళ్తాము, మర్నాడు ఒక్క రోజులోనే 3,440 మీటర్ల నామ్చేకు, అంటే 830 మీటర్లు పైకి ఎక్కుతాము. నియమాన్ని ఇంతగా మీరాము కాబట్టే నామ్చేలో రెండు రాత్రులు ఉండడం తప్పనిసరి. రెండో రోజు గదిలో పడుకోకుండా, 3,880 మీటర్ల వద్దనున్న ఎవరెస్ట్ వ్యూ హోటల్ దాకా మెల్లగా నడిచి, తిరిగి నామ్చేకే వచ్చి నిద్రించాలి. 4,410 మీటర్ల డింగ్‌బోచెలోనూ ఇదే పద్ధతి.

తలనొప్పి వచ్చినవారు చేయవలసిన మొదటి పని ఉన్నచోటే ఆగిపోవడం. పారాసిటమాల్ వేసుకోవచ్చు, నీరు తాగవచ్చు. కానీ మాత్రతో నొప్పి అణిగిందని పైకి బయలుదేరకూడదు. లక్షణాలు పూర్తిగా పోయాకే ఎక్కాలి; ఒక రోజు గడిచినా తగ్గకపోతే, లేదా పెరుగుతుంటే, దిగిపోవాలి. డయామాక్స్ పేరుతో దొరికే అసెటజోలమైడ్ మాత్రను ముందుజాగ్రత్తగా సాధారణంగా 125 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, ఎక్కడం మొదలుపెట్టే ముందు రోజు నుంచి వాడతారు. వేళ్లలో తిమ్మిరి, మాటిమాటికీ మూత్రం రావడం దీని మామూలు ప్రభావాలు. సల్ఫా మందులు పడనివారు, గర్భిణులు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడగకుండా దీని జోలికి పోరాదు.

ఆకలి చచ్చిపోవడానికి కారణం ఎత్తే అయినా, తినకపోతే నడవలేము. అక్కడి దాల్ భాత్‌లో అన్నం, పప్పు, కూర మళ్లీ మళ్లీ వడ్డిస్తారు. సంచిలో ఒక చిన్న డబ్బా కందిపొడి ఉంటే నాలుగు ముద్దలు ఎక్కువ దిగుతాయి. దాని బరువు మోసినందుకు ఎవరూ చింతించరు.

రాత్రి ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేవడం

పక్క మంచం మీది మనిషి పది సెకన్లు శ్వాస తీసుకోకుండా ఉండి, తరువాత ఒక్కసారిగా ఎగశ్వాస తీయడం చూస్తే భయం వేస్తుంది. పైన శ్వాస వేగం పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. నిద్రలో మెదడు దాన్ని గమనించి శ్వాసను కాసేపు ఆపుతుంది, ఆక్సిజన్ తగ్గగానే మళ్లీ తరుముతుంది. వేరే లక్షణాలేవీ లేకుండా ఇదొక్కటే కనిపిస్తే ప్రమాదం కాదు. నిద్రమాత్రలు, మద్యం మాత్రం శ్వాసను మరింత మందగింపజేస్తాయి కాబట్టి వద్దు.

ఆక్సీమీటర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. కొవిడ్ కాలంలో అంకె 94 కిందకు దిగితే ఆస్పత్రికి పరుగెత్తడం నేర్చుకున్న మనకు, బేస్ క్యాంప్‌కు ముందరి చివరి మజిలీ గోరక్‌షెప్‌లో ఆరోగ్యంగా ఉన్నవారి వేలి మీద కూడా 80 దగ్గర కనిపిస్తే గుండె జారుతుంది. చల్లబడిన వేలి మీద అది తప్పు కూడా చూపుతుంది. అంకె కంటే మనిషి తీరును చూడడం మేలు.

దగ్గు

పొడి చలిగాలిని రోజంతా నోటితో పీల్చడం వల్ల గొంతు ఒరుసుకుపోయి వచ్చే దగ్గును అక్కడ ఖుంబు దగ్గు అంటారు. ముక్కూ నోరూ కప్పేలా పలుచని గుడ్డ కట్టుకోవడం, వేడినీటి ఆవిరి పట్టడం, నడక వేగం తగ్గించడం దీనికి చాలు. అయితే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కూడా పొడిదగ్గుతోనే మొదలవుతుంది కనుక తేడా తెలిసి ఉండాలి. బృందమంతా పది నిమిషాలు కూర్చున్నాక అందరి ఆయాసం తగ్గి ఒక్కరిది తగ్గకపోతే, మిగతావారితో సమానంగా నడిచే మనిషి ఉన్నట్టుండి వెనకబడితే, పెదవులు నీలమైతే, కఫంలో గులాబీ రంగు నురగ కనిపిస్తే అది ఖుంబు దగ్గు కాదు. వెంటనే దించాలి, ఆక్సిజన్ ఉంటే పెట్టాలి, బరువు మోయనివ్వకూడదు. గోరక్‌షెప్‌కు ముందరి మజిలీ లోబుచెలో ఉన్నవారికి సుమారు 600 మీటర్ల దిగువన ఫెరిచే అనే ఊరు ఉంది. 1973 నుంచి హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ నడక కాలంలో అక్కడ వైద్యశాల నడుపుతోంది.

తూలడం, మాట తడబడటం, వింత ప్రవర్తన

అలసట అని తోసిపుచ్చకూడని లక్షణం ఇదే. నేల మీద గీత ఊహించి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ నడవమని చెప్పండి; తూలితే మెదడులో వాపు మొదలైందనే అనుకోవాలి. రోగి తనకేమీ కాలేదని వాదిస్తాడు, ఒక్కోసారి కోప్పడతాడు. అదీ జబ్బులో భాగమే కనుక ఆ వాదనకు విలువ ఇవ్వకూడదు. తెల్లవారేదాకా ఆగకుండా, ఒంటరిగా పంపకుండా, తోడుండి దించాలి. డెక్సామెథాసోన్ మొదట 8 మిల్లీగ్రాములు, ఆపై ఆరు గంటలకొకసారి 4 మిల్లీగ్రాములు ఇస్తారు. అది దిగడానికి వ్యవధి ఇచ్చే మందే గాని, దిగకుండా ఉండడానికి కాదు. హెలికాప్టర్ వస్తుందన్న నమ్మకంతో కూర్చోవద్దు. మబ్బు కమ్మితే అది రాదు.

విరేచనాలు, వణుకు

విరేచనాలకు కారణం ఎక్కువసార్లు నీరే. మరగించినదో, క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఉంచినదో తాగండి, ఓఆర్‌ఎస్ వెంట ఉంచుకోండి. ఖుంబులో బౌద్ధ ఆచారం ప్రకారం జంతువులను వధించరు కాబట్టి, అక్కడి మాంసం కింది నుంచి రోజుల తరబడి మోసుకొచ్చినది. నామ్చే దాటాక మానేయడమే మంచిది. వణుకుకు కారణం తరచుగా చెమటతో తడిసిన నూలు బనియనే. లోపలి పొర ఉన్నిదో సింథటిక్‌దో వేసుకుని, ఆగిన వెంటనే పైన జాకెట్ తొడుక్కుంటే సరిపోతుంది.

లుక్లా విమానం రద్దు కావడం

ఇది శరీరంలోని సమస్య కాకపోయినా, పైన చెప్పిన చాలా జబ్బులకు బీజం ఇక్కడే పడుతుంది. లుక్లా రన్‌వే పొడవు 527 మీటర్లే, అదీ ఏటవాలు; పైలట్ కంటికి దారి కనిపిస్తే తప్ప విమానం దిగదు. నడక కాలంలో చాలా విమానాలు కాఠ్మాండూ నుంచి కాక, నాలుగైదు గంటల రోడ్డు ప్రయాణం అవతలి రామేఛాప్ నుంచి ఎగురుతాయి. మబ్బు వల్ల మొదట్లోనే ఒకటి రెండు రోజులు పోయినవారు, హైదరాబాద్ తిరుగు టికెట్‌ను తలచుకుని, నామ్చేలోని రెండో రాత్రిని ఎగ్గొడతారు. చివర్లో కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచుకుని టికెట్ కొనడమే దీనికి అసలు మందు. అప్పటికీ రోజులు చాలకపోతే గోరక్‌షెప్ పైనున్న కాలాపత్థర్ గుట్టను వదులుకోండి, అవసరమైతే బేస్ క్యాంప్‌నూ వదులుకుని తెంగ్‌బోచె మఠం దాకా వెళ్లి తిరిగిరండి. ఎవరెస్ట్ శిఖరం అక్కడి నుంచీ కనిపిస్తుంది.