సెలవుల్లో పక్కింటి బెల్లు: పిల్లలకు ముందే చెప్పాల్సినవి

వేసవి సెలవులు ఇచ్చిన మూడో రోజుకల్లా మా అపార్ట్‌మెంట్‌లో బెల్లు ఆట మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం బెల్లు మోగుతుంది. తలుపు తీస్తే ఎవరూ ఉండరు, మెట్ల మీద చెప్పుల చప్పుడు తప్ప. మనమూ ఆడినవాళ్లమే కదా అని నవ్వుకునేవాణ్ణి. నిరుడు ఎవరో పిల్లలు బెల్లు కొట్టి, పోతూ పోతూ బయటి గడియ పెట్టారు. లోపల పెద్దావిడ ఒక్కతే, పొయ్యి మీద పాలు. ఆవిడ బాల్కనీలోకి వచ్చి వాచ్‌మన్‌ను కేకేసేదాకా ఎవరికీ తెలియలేదు.

పిల్లలకు గట్టిగా చెప్పాల్సింది ఆ గడియ గురించే. ఒకసారి బెల్లు కొట్టి పారిపోతే చీవాట్లతో పోతుంది. మనిషిని లోపల బంధిస్తే మాత్రం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్: ఏడాది దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గేటు తీసుకుని ఆవరణలోకి దూరితే 329వ సెక్షన్ ఉంది. దానికి దొంగతనం ఆలోచనే ఉండనక్కర్లేదు, ఇంటివాళ్లను విసిగించాలన్న ఉద్దేశం చాలు.

ఏడేళ్ల లోపు పిల్లలపై కేసు ఉండదు. పన్నెండు లోపైతే తెలిసి చేశారా లేదా అని చూస్తారు. ఆపైన బాల న్యాయ మండలి. పద్దెనిమిది నిండినవాడు అమ్మకు పసివాడేమో గానీ స్టేషన్లో కాదు.

దొరికిన పిల్లవాణ్ణి పట్టుకుని చెంప వాయించే పెద్దలూ జాగ్రత్త. కొడితే 115వ సెక్షన్, గదిలో పెట్టి గొళ్ళెం వేస్తే అదే 127 మీకూ వర్తిస్తుంది. సీసీ కెమెరా వీడియోను వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, తల్లిదండ్రులకు చూపిస్తే సరిపోతుంది.

సెలవులకు అమెరికాలోని బంధువుల ఇంటికి వెళ్లే పిల్లలకైతే ఈ ఆట వద్దే వద్దని చెప్పి పంపండి. 2020 జనవరిలో కాలిఫోర్నియాలో ఇలాగే బెల్లు కొట్టి వెళ్లిపోతున్న ఆరుగురు కుర్రాళ్ల కారును ఇంటాయన వెంబడించి గుద్దాడు. పదహారేళ్లవాళ్లు ముగ్గురు చనిపోయారు. 2023లో ఆయనకు పెరోల్ లేని యావజ్జీవ శిక్ష పడింది.

మీ పిల్లవాడే చేశాడని తేలితే ఫోనులో క్షమాపణ చెప్పించకండి. మీరూ వెంట వెళ్లి వాడితోనే ఆ బెల్లు కొట్టించండి. మోకాళ్ల నొప్పులావిడ తలుపు దాకా నడిచి వచ్చేవరకు అక్కడే నిలబడమనండి.