లారీ ఆయిల్‌ను పెట్రోలు బండిలో పోసే ముందు

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు లారీకి తెచ్చిన 15డబ్ల్యూ-40 (ఇది చిక్కదనం సూచించే అంకె) డీజిల్ ఇంజిన్ ఆయిల్ మిగిలితే పెట్రోలు బండిలో పోసేస్తుంటారు. దయచేసి ముందు డబ్బా వెనక్కి తిప్పి ఏపీఐ గుర్తు, అంటే ఆ ఆయిల్ ఏ రకం ఇంజిన్‌కు పనికొస్తుందో చెప్పే అక్షరాలు, చూడండి. సీఐ-4 లాంటి ‘సి’ రకం డీజిల్‌కు, ఎస్ఎల్, ఎస్ఎన్ లాంటి ‘ఎస్’ రకం పెట్రోలుకు. రెండూ ఉండి, చిక్కదనం బండి పుస్తకంలో చెప్పినదే అయితే పాత కారుకు నిశ్చింతగా వాడవచ్చు. కొత్త బీఎస్-6 బండ్లకు మాత్రం వద్దు. డీజిల్ ఆయిల్‌లో సాధారణంగా ఎక్కువగా ఉండే ఫాస్ఫరస్ పొగగొట్టంలో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను క్రమంగా దెబ్బతీస్తుంది.

బైకు సంగతి వేరు. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతాయి. అందుకే డబ్బా మీద జాసో (జపాన్ ప్రమాణం) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండి తీరాలి. అది లేని ఆయిల్ పోస్తే, క్లచ్ జారి, కోరాపుట్ ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గాని బండి కదలకపోవచ్చు. గేర్లు లేని స్కూటర్లకు ఈ బెడద లేదు.